తాత వాచీ ఏ ఏడాదిది?

పదేళ్ళ కిందటి సంగతికి "ఆ రోజుల్లో" అని మొదలుపెడితే మా ఆవిడ నవ్వుతుంది గానీ, నిజంగా ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. నాచారంలో ఒక కంపెనీలో యంత్ర భాగాల కొలతలు సరిచూసే ఉద్యోగం కొత్తగా దొరికింది. (వెంట్రుకంత తేడా ఉన్నా పట్టేసేవాణ్ణి, ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో మాత్రం తెలిసేది కాదు.) అప్పుడే, పోయిన తాత చేతి వాచీ నాకు వచ్చింది. నా ప్రధానం నాడు (నిశ్చితార్థమే, మా క్రైస్తవుల మాట) అదే పెట్టుకోవాలనుకున్నాను. "మా తాత పెళ్ళినాటి వాచీ" అని కాబోయే భార్యకు ఫోన్లో చెప్పేశాను కూడా. గోడ మీది పెళ్ళి ఫోటోలో తాత చేతికి వాచీ కనబడుతుంటే ఇంకేం కావాలి?

పీర్జాదిగూడ నుంచి వచ్చిన మా అక్క మొగుడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏంది బామ్మర్ది, గిది గంత పాతదా? నిన్నమొన్న కొన్నట్టే ఉన్నది," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. చూస్తే డయల్ మీద కంపెనీ పేరు సగం చెరిగిపోయింది. ఉప్పల్‌లో వాచీలు బాగుచేసే దుకాణంలో వెనక మూత తీయించి, లోపలి నంబరును ఫోటో తీసి, పాత వాచీల పిచ్చివాళ్ళ ఆన్‌లైన్ గ్రూపులో పెట్టాను. ఒకాయన అది మా నాన్న కంటే పెద్దదన్నాడు. ఇంకొకాయన నాకంటే చిన్నదన్నాడు. మూడో ఆయన "అమ్ముతారా?" అన్నాడు. విసిగిపోయి పెళ్ళి ఫోటోనే గోడ మీంచి దించి, భూతద్దం పెట్టి చూశాను. ప్రాణం ఉసూరుమంది. ఫోటోలోని వాచీకి ఆరు అంకె దగ్గర సెకన్ల కోసం వేరే చిన్న వలయం ఉంది. నా చేతిలోని దానికి సెకన్ల ముల్లు మిగతా రెంటితో పాటు నడిమధ్యన తిరుగుతోంది. అది వేరు, ఇది వేరు!

"నానమ్మా, తాత పెళ్ళి వాచీ ఏమైంది?" అని అరిచాను.

చిక్కుడుకాయలు తుంచుతున్న నానమ్మ తలెత్తలేదు. "అది ఫోటో స్టూడియోదిరా. కోటు గూడ ఆల్లదే. ఫోటో దిగినంక ఇచ్చేసినం."

"మరి ఇది?"

"నేనే కొనిచ్చిన."

"ఇన్ని రోజుల సంది చెప్పలేదేంది!"

"నన్ను అడిగినవా? ఊరందర్ని అడిగినవ్."

"సరే, ఏ సంవత్సరం కొన్నవ్?"

"మీ నాయిన పాకుతుండె. బర్రె ఈనింది."

సాయంత్రం నాన్నను అడిగితే, తాను అసలు పాకనే లేదనీ, లేచి నేరుగా నడిచాననీ అన్నాడు. దాని మీద తల్లీ కొడుకులు అన్నం తినేదాకా వాదించుకున్నారు. బర్రె ఈనిన ఏడాదిని తేల్చే నంబరు ఏ మూత వెనకా లేదు.

ప్రధానం రోజు, నేను భయపడినట్టే, బావ పెళ్ళికూతురి వాళ్ళ ముందే "సెల్లె, గది పెళ్ళి వాచీ కాదంట!" అని అరిచాడు. నాకు నేలలోకి కుంగిపోదామనిపించింది. ఆ అమ్మాయి మాత్రం లేచి వెళ్ళి నానమ్మ పక్కన కూర్చుని, నాకు ఒక్కసారి కూడా తట్టని ప్రశ్న అడిగింది. "ఎందుకు కొనిచ్చిన్రు నానమ్మా?"

"ఆదివారం మందిరానికి మీ తాత ఎప్పుడు ఆలిశెమే బిడ్డా. పాటలన్ని అయిపోయినంక వస్తుండె. చేతికి గడియారముంటె జల్ది వస్తడనుకున్న."

"వచ్చిండా?"

"యాడ వచ్చిండు! ఎంత ఆలిశెమైందో సరిగ్గ చెప్పుడు నేర్చిండు."

అందరూ విరగబడి నవ్వుతుంటే, "అది సరే నానమ్మా, ఏ సంవత్సరం?" అని మళ్ళీ అడిగాడు చూడండి, ఆ కొత్త ఉద్యోగపు కుర్రాడు, అదే అప్పటి నేను, వాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నాకూ నవ్వొస్తుంది. నానమ్మ ఉన్నన్నాళ్ళూ వాడికి జవాబు దొరకలేదు. ఇప్పుడెవరైనా వాచీ చూసి "ఎప్పటిదండీ?" అంటే, మా నానమ్మ కొనిచ్చిందని చెబుతాను.