మా ఊళ్ళో చూపించని రీలు

మల్టీప్లెక్సు మెట్లెక్కి తలుపు దగ్గరికి చేరేసరికి ముందుగా వెన్న వాసన తగులుతుంది. అది వెన్న కాదని నా అనుమానం. ఇంట్లో చిలికిన వెన్న కాగుతుంటే పక్కన కూర్చుని పెరిగిన ముక్కు నాది. మెత్తటి సీట్లో కూర్చున్నాక కూడా నా అనుమానాలు తీరవు. పొలం నుంచి వచ్చిన కోడలి పాదాలకు బురద ఉండదు. టీవీ సీరియల్లో అత్తగారు పట్టుచీరతో పడుకుని పట్టుచీరతోనే లేస్తుంది. అలాగని పాత సినిమాలన్నీ బంగారం అనేవాళ్ళనీ నేను నమ్మను; వాటిలో తల్లులు రెండుసార్లు దగ్గితే మూడోసారికి ప్రాణం పోయేది. నేను సినిమాలు బాగా తెలిసినదాన్నేమీ కాను, ఆదివారం తీరిక దొరికితే చూస్తానంతే. చూసినంతసేపూ మాత్రం వీళ్ళు నా దగ్గర ఏదో దాస్తున్నారనే అనిపిస్తుంది. ఈ గుణం నాకు రాజ్యం పెద్దమ్మ నుంచి వచ్చింది.

అప్పుడు మేం కొండపల్లిలో ఉండేవాళ్ళం. నాన్న థర్మల్ స్టేషన్లో పనిచేసేవారు. గాలి మా వైపు తిరిగిన రోజున ఆరేసిన బట్టల మీద సన్నటి బూడిద పడేది. తొలకరి కురిస్తే కొండ మీంచి ఎర్రనీళ్ళు వీధి కాలవలోకి దూకేవి. బొమ్మలు చేసే ఇళ్ళ ముందు తెల్లటి చెక్కపొట్టు గుట్టలుగా పడి ఉండేది, చింతగింజల జిగురు ఉడికే వాసన మధ్యాహ్నమంతా ఆ సందుల్లోనే తిరుగుతుండేది. ఊళ్ళో ఒకటే రేకుల హాలు. మధ్యలో నడుమెత్తు గోడ, దానికి ఇవతల ఆడవాళ్ళ బెంచీలు. కొంగుల్లో ఉడికిన వేరుశనక్కాయలు, చేతిలో గోళీసోడా, ఒళ్ళో నిద్రపోయే పిల్లలు. జోరున వాన పట్టుకుంటే రేకుల చప్పుడుకు మాటలు వినపడక, తెరమీద వాళ్ళు ఏమంటున్నారో బెంచీల మీదివాళ్ళే చెప్పుకునేవాళ్ళు.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. గుడివాడ అవతల ఉన్న అత్తవారి ఊరి నుంచి ఒక రోజు ట్రంకుపెట్టెతో వచ్చేసింది. ఎందుకు వచ్చిందో పిల్లలకు ఎవరూ చెప్పలేదు. ఆమె ఎడమచెవి వినపడదనీ, అది పుట్టుకతో వచ్చింది కాదనీ మాత్రం నాకు తెలుసు. పక్క సందులో బొమ్మలవాళ్ళ దగ్గర పని తెచ్చుకుని, మా వసారాలో కూర్చుని బొమ్మలకు కళ్ళు దిద్దేది. సన్నటి కుంచెతో అంత చిన్న కళ్ళు దిద్దే మనిషికి తెరమీద ఏదీ దాగేది కాదు. వానలో తడిసిన హీరోయిన్ కాటుక చెదరలేదనేది. బావిలో దూకినవాడి జేబులో పెన్ను అలాగే ఉందనేది. నాకు ఆమె పక్కన కూర్చుని చూడటమే సినిమా.

హాలు యజమాని ఊళ్ళో పెద్దమనిషి. ఇళ్ళల్లో తగవులు తీర్చేది కూడా ఆయనే. నేను నాలుగో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, కాఫీ తాగి, ఆడపిల్ల ఎన్నాళ్ళు ఇలా ఉంటుందని నాన్నతో అన్నాడు. శ్రావణం వచ్చేలోగా పెద్దమ్మను దిగబెట్టి రావాలని మాట. అమ్మ గుమ్మం పక్కన నిలబడి వింది. పెద్దమ్మ తల ఎత్తకుండా కళ్ళు దిద్దుతూనే ఉంది.

ఆ వారమే హాలుకు ఒక కుటుంబ సినిమా వచ్చింది. తాగొచ్చి కొట్టే భర్త, చంకలో బిడ్డతో అన్నీ ఓర్చుకునే భార్య. ఒక రాత్రి అతను ఆమెను గోడకేసి కొడతాడు. ఆ వెంటనే వచ్చిన సీనులో అతను కళ్ళనీళ్ళతో తప్పయిందంటాడు, ఆమె కన్నీళ్ళు తుడుస్తుంది, శుభం. సినిమా చూసి పెద్దమ్మ ఏడవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. ఆ రోజు ఒక్క తప్పు కూడా పట్టలేదు. ఇంటికొచ్చాక అమ్మతో, "ఓర్చుకుంటే మారతారేమోనే. వెళ్తాలే," అంది. మర్నాడు ట్రంకుపెట్టె దులిపింది.

రెండు రోజుల తర్వాత, బొమ్మ చేతిలో పట్టుకుని ఉన్నట్టుండి ఆగింది. "అమ్మడూ, ఆ సినిమాలో పిల్లాడు పాకుతున్నాడు కదా. ఆ వెంటనే గుమ్మందాకా ఎట్టా పరిగెత్తాడే?" అని అడిగింది.

నాకు గుర్తులేదు. కానీ నా దగ్గర ఒక పాత అగ్గిపెట్టె నిండా ఫిల్ము ముక్కలున్నాయి. హాలు వెనక గోడ దగ్గర ఏరుకున్న ఆ ముక్కలతో, భూతద్దం పెట్టి గోడమీద బొమ్మలు వేసుకోవడం మా ఆట. ఆ వారం ఏరినవి బయటికి తీశాను. పెద్దమ్మ ఒక్కొక్కటీ ఎండకు పట్టి చూసింది. నాలుగు గళ్ళున్న ఒక ముక్క దగ్గర చెయ్యి నిలిచిపోయింది. అదే హీరోయిన్. నేతచీర కట్టుకుని కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. మేం చూసిన సినిమాలో కుట్టుమిషనే లేదు.

శనివారం మధ్యాహ్నం, బట్టల కొట్టుకని అమ్మకు చెప్పి, నన్ను వెంటబెట్టుకుని బెజవాడ బస్సెక్కింది. అక్కడ అదే సినిమా మ్యాట్నీ ఆడుతోంది. గోడకేసి కొట్టిన సీను వచ్చేసరికి పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తెల్లారగానే తెరమీద భార్య బిడ్డనెత్తుకుని ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. ఒక అద్దె గదిలో కుట్టుపని చేసుకుంటూ బతికింది. పిల్లాడు నడక నేర్చాడు, మాటలు నేర్చాడు. ఆ తర్వాత ఎప్పటికో భర్త ఆ గది వెతుక్కుంటూ వచ్చి గుమ్మం బయట నిలబడి ఏడ్చాడు. మా ఊళ్ళో చూసిన ఆఖరి సీను అదే. అది అతని ఇల్లు కాదనీ, ఆమెదనీ మాకు తెలియలేదు, అంతే.

తిరుగు బస్సులో ఇబ్రహీంపట్నం దాటాక పెద్దమ్మ, "నన్ను వెనక్కి పంపించబోయారే," అంది. ఎవరి గురించి అంటోందో నాకు అర్థం కాలేదు.

మర్నాడు హాలు మేనేజరు దగ్గరికి వెళ్ళి నెమ్మదిగా అడిగింది. ఆఖరి బస్సు అందక జనం ఇబ్బంది పడుతున్నారని రెండు రీళ్ళ మేర కోసి తీసేశామమ్మా, అన్నాడాయన.

"బస్సు కోసమైతే ఫైట్లు తీసెయ్యొచ్చు కదండీ," అంది పెద్దమ్మ.

ఆ హాలు పెద్దమనిషే తీయించాడో, నిజంగా బస్సు కోసమే తీశారో నాకు ఇప్పటికీ తెలియదు. పెద్దమ్మకు మాత్రం సందేహం లేదు. సినిమా మారేలోపు మా ఊరి హాల్లోనే మళ్ళీ మ్యాట్నీకి వెళ్ళింది, నేనూ వెళ్ళాను. కోసిన చోటు రాగానే బెంచీ మీంచి లేవకుండానే, బియ్యం ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. "ఇక్కడ కొంత కోశారమ్మా. ఆవిడ ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. మిషను కుట్టుకుని బతికింది. ఆయనే వెతుక్కుంటూ వచ్చాడు."

గోడ అవతల మగవాళ్ళు ఈలలు వేశారు. మేనేజరు టార్చిలైటు వేసుకుని వచ్చి ఊరుకోమన్నాడు. మా వెనక బెంచీలో గాజులమ్మే మస్తాన్‌బీ కూర్చుని ఉంది. "మా డబ్బులూ తీసుకున్నారుగా. చెప్పనియ్యండి," అంది. ఆయన లైటు ఆర్పేశాడు.

పెద్దమ్మ అత్తవారి ఊరికి వెళ్ళలేదు. నాన్న నాలుగు రోజుల్లో మామూలైపోయారు. హాలుకు కొత్త సినిమా వచ్చినప్పుడల్లా, ఇందులో ఏం కోశారని ఆడవాళ్ళు కుళాయి దగ్గర ఆమెను అడిగేవాళ్ళు. చూపు ఆనినంతకాలం బొమ్మలకు కళ్ళు దిద్దింది. పెదనాన్న ఏనాడూ ఆమెను వెతుక్కుంటూ రాలేదు. అందుకని ఆ సినిమా పూర్తి కాపీ మీద కూడా ఆమెకు నమ్మకం పోయింది. "మిషను దాకా నిజమే. గుమ్మం దగ్గర ఏడవడం మాత్రం వాళ్ళు అల్లింది," అనేది, నవ్వకుండా.

పెద్దమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ హాలు ఇప్పుడు ఫంక్షన్ హాలు. ఈమధ్య పెళ్ళికని వెళితే నడుమెత్తు గోడ లేదు, ఆడవాళ్ళ బెంచీలున్న చోట భోజనాల బల్లలు వేశారు. నా పక్కన ఒక అమ్మాయి వడ్డన మొదలయ్యేలోగా ఫోన్లో ఏదో సినిమా చూస్తోంది. వేలితో రెండుసార్లు తట్టి ముందుకు జరిపింది.

ఏం దాటేశావమ్మా అని అడిగాను.

"ఏం లేదాంటీ. మొగుడూ పెళ్ళాల గొడవ, ఊరికే సాగదీస్తున్నారు," అంది.

ఒకప్పుడు ఇదే చోట ఆడవాళ్ళు సినిమా నడుస్తుండగానే కోసిన కథ ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. వెనక్కి తిప్పమ్మా, ఒకసారి చూద్దాం అనడానికి నాకు నోరు రాలేదు. ఆ అమ్మాయి చెవుల్లో అవేవో పెట్టుకుని మళ్ళీ తెరలోకి వంగింది.