మొక్కల గ్రూపులోంచి బావని దింపేశారు

మా బావ రిటైరైన బస్సు కండక్టరు. ఉద్యోగం వదిలినా నోరు వదల్లేదు. ఇంటర్నెట్‌లో మొక్కలు పెంచేవాళ్ళ గ్రూపొకటి తగిలాక ఆ నోటికి మళ్ళీ పని దొరికింది. వాడిపోయిన మొక్క ఫొటో ఎవరు పెట్టినా సరే, బావ వరండాలోని కంప్యూటరు ముందు కూర్చుని ముందు నాలుగు తిట్టి, తర్వాత మందు చెప్పేవాడు. "కుండీకి నీళ్ళు పోశారా, వరద తెచ్చారా? వేర్లు కుళ్ళాయి. ఆపండి!" ఇదీ ఆయన వైద్యం. చెప్పింది మాత్రం తప్పయ్యేది కాదు. అందుకే జనం తిట్లు తిని మరీ అడిగేవాళ్ళు.

ఆమధ్య వీధిలో నీళ్ళ గొట్టాల కోసం గొయ్యి తవ్వుతూ ఇంటర్నెట్ తీగ తెంపేశారు. ఎప్పుడు బాగుచేస్తారయ్యా అంటే రేపన్నారు. మర్నాడూ రేపే అన్నారు. బావది మీటల ఫోను. టచ్ ఫోను పట్టినవాడికి బుద్ధి నిలవదని ఆయన సిద్ధాంతం. దాంతో గ్రూపులో పడాల్సిన తిట్లన్నీ ఇంట్లో పడ్డాయి. కూరలో ఉప్పు, తలుపు చప్పుడు, నా నడక, అన్నీ తప్పే. మా అక్క దగ్గర మాత్రం ఆ అరుపులన్నీ చెవిటివాడి ముందు శంఖమే. తన ఫోను చూసుకుంటూ కూర్చునేది.

"నేను లేక వాళ్ళ తోటలు ఏమైపోతున్నాయోరా," అనేవాడు నాతో. పైకి తోటల బెంగ. లోపలి బెంగ వేరు. అదీ ఒకరోజు కక్కేశాడు. "కండక్టరు ఏడీ అని ఒక్కడైనా అడుగుతాడంటావా?"

నాకు జాలేసింది. "పీడ విరగడైందని పండగ చేసుకుంటుంటారు బావా," అన్నాను. బావమరిది ధర్మం అది.

చివరికి తీగ అతికించారు. "రారా, ఎంత గగ్గోలు పెట్టారో చూద్దువుగాని," అని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గ్రూపు తెరిచాడు. గగ్గోలు లేదు. ఆయన ఎక్కడని ఒక్కరూ అడగలేదు. అడగడానికేముంది, ఆయన పేరుతోనే రోజూ జవాబులున్నాయి! "కంగారు పడకమ్మా, వేర్లు కుళ్ళినట్టున్నాయి. నీళ్ళు తగ్గించు, చిగురిస్తుంది." దాని కింద ఎవరో రాశారు: "కండక్టరు గారూ, ఈమధ్య మిమ్మల్ని అడగాలంటే భయం వెయ్యట్లేదండీ."

"ఎవడో దొంగవెధవ నా పేరు ఎత్తుకుపోయాడు!" అని బావ చిందులేశాడు. అసలువాడు తనేనని తెలియాలని, ఒకావిడ పెట్టిన మిరప మొక్క ఫొటో కింద పాత పద్ధతిలో నాలుగు తగిలించాడు. జనం హడలిపోయారు. పాపం కండక్టరు గారి అకౌంటు ఎవడో కాజేశాడు, గెంటెయ్యండని మొత్తుకున్నారు. గ్రూపు పెద్ద గెంటేశాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. బావ ముఖం మాత్రం పాలిపోయింది.

వంటింట్లోంచి అక్క వచ్చింది. "ఆ దొంగ నేనే. మొక్కల ఫొటోలు పెట్టమని నా ఫోన్లో మీ అకౌంటు తెరిపించింది మీరేగా."

"నన్నడక్కుండా ఎందుకు చేశావే?"

"మీ సీటు ఖాళీగా కనబడితే ఇంకొకడొచ్చి కూర్చోడూ? చెప్పిందంతా మీ వైద్యమే. ఇన్నేళ్ళుగా వినీ వినీ నోటికొచ్చేసింది. తిట్లొక్కటే నాకు చేతకాలేదు."

అక్క తన పేరుతో గ్రూపులో చేరి ఉన్నదున్నట్టు రాసింది. జవాబులు వెంటవెంటనే వచ్చాయి. "అమ్మా, మీరుండండి. ఆయన్ని ఇంట్లోనే ఉంచండి." అక్క దాన్ని పైకి చదివింది. బావ కిటికీ దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన్నలా చూస్తే నాకు వేళాకోళం రాలేదు.

అక్క మళ్ళీ ఫోను అందుకుని, రాస్తున్న ప్రతి మాటా గట్టిగా పలికింది. "ఆయన్ని దింపేస్తే నేనూ దిగిపోతాను."

గ్రూపు పెద్ద వెంటనే బావని మళ్ళీ ఎక్కించుకున్నాడు. బావ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మిరప మొక్క ఆవిడకి జవాబు రాశాడు, చెరిపాడు, మళ్ళీ రాశాడు. బస్సు నిండా జనాన్ని ఒక్క కేకతో అదిలించిన మనిషి, అక్క వైపు తిరిగి మెల్లిగా అడిగాడు.

"ఇలా చూడవే. ఇది తిట్టులా ఉందా?"