పున్నమికి మునిగే బడి

ఎనభయ్యో దశకం మొదట్లో మాట. నేను పోర్ట్ బ్లెయిర్‌లో, హాడో దగ్గర సర్కారు క్వార్టర్లో ఉండేవాణ్ణి. సోంపేట దగ్గర పుట్టి, డిప్లొమా చదివి, విశాఖలో ఓడెక్కి వచ్చి ఇక్కడ జూనియర్ ఇంజనీరునయ్యాను. రోడ్లు, జెట్టీలు, బడులు, ప్రభుత్వం కట్టేది ఏదైనా మా చేతుల మీదుగానే నడిచేది. మొన్న ఇక్కడే ఒక పెళ్లిలో మా బంధువు ఒకాయన పక్కన కూర్చుని, "హార్బరు అవతల మనవాళ్ల పాత బడి సునామీలో పోయింది కదా" అన్నాడు. విస్తరి ముందు నుంచి లేచిపోదామన్నంత కోపం వచ్చింది నాకు. సునామీలో పోయిందట! సునామీ పాపం మిగిలిన గోడల్ని తీసుకుపోయింది, అంతే. ఆ బడిని ముంచింది ఎవరో నాకు బాగా తెలుసు. మరిచిపోయేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి రాస్తున్నాను.

హార్బరు అవతల, హోప్ టౌన్ వైపు ఒడ్డున మావాళ్ల వాడ ఒకటుండేది. పేరు చెప్పి ఇప్పుడున్నవాళ్లని ఇబ్బంది పెట్టను. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి చేపలవేటతో బతికే కుటుంబాలు. వాళ్ల పిల్లలు చదువుకోవాలంటే ఫెర్రీ ఎక్కి హాడో రావాలి. వానాకాలంలో గాలి లేచిందంటే ఫెర్రీ ఆగిపోతుంది, దాంతో చదువూ ఆగిపోతుంది. మగపిల్లలు ఏదో కొంత నెట్టుకొచ్చేవారు. ఆడపిల్లలు మాత్రం కాస్త చెయ్యి తిరిగేసరికి ఎండుచేపల పందిళ్ల కిందికి చేరిపోయేవారు. మా వాడలోనే బడి కావాలి, తెలుగు చెప్పేవాళ్లు కావాలి అని వాళ్లు అడగని ఆఫీసు లేదు. చివరికి మంజూరైంది. వాడ వెనక ఎత్తు మీద చదునైన నేల బడికని కేటాయించారు.

ఆ నేలకి లెవెల్స్ తియ్యడానికి నేనే వెళ్లాను. లెవెల్స్ అంటే, ఏ నేల ఎంత ఎత్తులో ఉందో ఒక దుర్భిణిలాంటి పరికరంతో కొలవడం. నేను స్టాండు నిలబెట్టేసరికి నూకాలమ్మ వచ్చింది. మొగుడు వేటకి వెళ్తాడు, ఈమె చేపలు ఎండబెట్టి ఫెర్రీ మీద తెచ్చి హాడోలో అమ్ముతుంది. మా ఇంటికీ ఆమే చేపలు ఇచ్చేది. వెనకాల కూతురు రత్నం.

"బాబూ, ఈపాలి నిజంగానే కడతారేటి? ఉత్తినే కొలిసి ఎల్లిపోతారా?"

"కడతామమ్మా. మంజూరైంది కదా."

"నా గుంటని ఇంక ఫెర్రీ ఎక్కించను బాబూ. మొన్న గాలికి పడవ ఊగిపోతే నా పానం పోనాది. ఈ బడి వస్తే సదువుతాది. రాకపోతే నాతో కూకుని సేపలు కోస్తాది. అంతే."

రత్నం ఈలోగా నా పరికరంలో కన్ను పెట్టేసింది. పాతకాలం లెవెల్‌లో బొమ్మ తిరగబడి కనిపిస్తుంది. "ఓలమ్మా! మనూరు తలకిందులుగా ఉంది!" అని కేకేసింది. ఆ రోజు ముగ్గురం బాగా నవ్వుకున్నాం.

తర్వాత ఎన్నికలొచ్చాయి. హడావుడి అయ్యాక పని మొదలుపెడదామని వెళితే, కొలతల గుర్తుకి నేను పాతిన కర్రమేకులు ఒక్కటీ లేవు. ఎత్తు నేల చుట్టూ వెదురు కంచె. లోపల కలప దుంగలు, సిమెంటు దించుతున్న మనుషులు. మధ్యలో కుర్చీ వేసుకుని ప్రధాన్ కూర్చున్నాడు, ఆ సరుకంతా ఆయనదే. ప్రధాన్ అంటే అక్కడ పంచాయతీ పెద్ద. ఈయనా మావాడే. వాడలో ఓట్లడిగినప్పుడు "మన బడి, మన తెలుగు" అని గొంతు చించుకున్నవాడు. గెలిచాక తెలుగు మాట్లాడ్డం తగ్గించాడు.

"క్యా ఇంజనీర్ సాబ్, గుస్సా ఎందుకు? స్కూలు ఎక్కడికి పోతుంది? నీచే ఇత్నీ జగహ్ ఖాళీ పడీ హై" అని, కింద అంత చోటుంది కదా అన్నట్టు మడ అడవి వైపు చెయ్యి చూపించాడు.

ఖాళీ అట! వాగు సముద్రంలో కలిసే చోట వేళ్లు బయటికి పెట్టుకుని నిలబడ్డ చెట్లవి. వాటి మధ్యే చేపపిల్లలు పెరుగుతాయి, పీతలు బతుకుతాయి, గాలివానకి వాడ గుడిసెల్ని కాపాడేవీ అవే. అంతకుముందు ఏడాది నూకాలమ్మ మొగుడు డుంగీ కట్టుకోడానికి అందులో ఒక్క కొమ్మ నరికాడు. డుంగీ అంటే వాళ్ల చిన్న పడవ. అంతే, అడవి ఉద్యోగులొచ్చి కత్తీ లాక్కున్నారు, డుంగీ కూడా పట్టుకుపోయారు. అది విడిపించుకునేదాకా ఆ ఇంట్లో వేట లేదు. అదే అడవిని ఇప్పుడు మొత్తంగా కొట్టెయ్యడానికి అన్ని అనుమతులూ గబగబా వచ్చేశాయి. పేదవాడు కొమ్మ నరికితే నేరం, నాయకుడు అడవి నరికితే అభివృద్ధి. ఏం న్యాయమండీ ఇది!

నేను మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు దగ్గరికి వెళ్లాను. కొన్నేళ్లు ఉండి మెయిన్‌లాండ్ తిరిగి వెళ్లిపోవాలని చూసే మనిషి. ఆయన ముందే తయారుగా ఉన్నాడు.

"ఎత్తు మీద సైట్ పనికిరాదయ్యా. కింద రాయి ఉంది. స్కూలు బిల్డింగుకి అన్‌సూటబుల్."

"రాయి ఉంటే పునాదికి మంచిదే కదా సార్?"

"నాకు పునాదులు నేర్పుతున్నావా?"

రాతి మీద బడి నిలబడదట, బురదలో నిలబడుతుందట. డిప్లొమా మొదటి ఏడాది కుర్రాడు కూడా రాయని మాట అది. సరే, అక్కడే కట్టాలంటే కనీసం ప్లింత్ అన్నా పెంచండి సార్ అన్నాను. ప్లింత్ అంటే నేల నుంచి గది గచ్చు దాకా ఉండే ఎత్తు. పెద్ద పోటుకి నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అక్కడి చెట్ల మొదళ్ల మీదే మరక ఉంది, దానికంటే గచ్చు పైన ఉండాలి అని చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఎస్టిమేట్ పెరిగిపోతుంది. నీళ్లొస్తే ఏం? ఈత నేర్చుకుంటార్లే. జాలరి పిల్లలే కదా!"

గదిలో ఉన్నవాళ్లందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లయినా ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది. "మీ పిల్లలయితే ఈత నేర్పిస్తారా సార్, క్లాసు గదిలో?" అనేశాను. నోరు అదుపులో పెట్టుకోమన్నాడు. ఎత్తు మీద సైట్ పనికిరాదన్న కాగితం మీద నేను సంతకం చెయ్యనన్నాను. నా బదులు ఆయనే చేసేశాడు.

శంకుస్థాపనకి ప్రధాన్ పంచాంగం చూపించి దశమినాడు ముహూర్తం పెట్టించాడు. దశమికి సముద్రం మెత్తగా ఉంటుంది, పోటు అంత పైకి రాదు. పెద్దలందరూ పొడి నేల మీద నిలబడి కొబ్బరికాయ కొట్టారు, ఫొటోలు తీయించుకున్నారు. ఆ పంచాంగంలోనే మరో రెండు పేజీలు తిప్పితే పున్నమి ఉంది. చేపలవేట చేసే వాళ్ల ఇంట్లో పుట్టిన ప్రధాన్‌కి పున్నమికి ఏమవుతుందో తెలియదా? తెలుసు. తెలిసే దశమి పెట్టించాడు. అదే నా కోపం.

బడి లేచింది. తెలుగు చెప్పడానికి ఒక పంతులమ్మని వేశారు. రత్నం మొదటి వరుసలో కూర్చుంది. నూకాలమ్మ చేపల గంప దించి, కిటికీ దగ్గర నిలబడి చూసి వెళ్లేది. "బడి అన్నది వొచ్చింది కదా బాబూ, బురదలో అయితేనేటి" అని నాకే ధైర్యం చెప్పింది.

ఇప్పుడొక సంగతి చెప్పాలి. పోర్ట్ బ్లెయిర్‌లో పున్నమికీ అమావాస్యకీ నిండుపోటు పొద్దున్న పదింటి ప్రాంతంలో వస్తుంది. సరిగ్గా బడి మొదలయ్యే వేళకి. సాయంత్రానికి నీళ్లన్నీ వెనక్కి పోయి నేల తేలిపోతుంది. నిండుపోటు వేళప్పుడు పిల్లలు మోకాళ్ల దాకా నీళ్లలో పాఠం వినేవారు. పంతులమ్మ ఫిర్యాదు చేస్తే ఆఫీసర్లు వచ్చేవారు. ఎప్పుడు? హాయిగా భోజనం చేసి, మధ్యాహ్నం ఫెర్రీకి. దిగేసరికి తడి గచ్చు, కాస్త బురద. "నీళ్లెక్కడమ్మా?" అని నవ్వుకుంటూ వెళ్లిపోయేవారు. మడ చెట్లు పోయాయి కాబట్టి గాలివానకి వాడలో ముందు వరుస గుడిసెలు కూడా దెబ్బతిన్నాయి. దానికీ ఒకటే మాట, సముద్రం పక్కన ఉంటే అంతే కదా అని.

పిల్లలు జ్వరాలు పడి మానేయడం మొదలుపెట్టారు. అప్పుడు పైనుంచి కొత్త కబురు. హాజరు బాగాలేదు, జాలర్లకి చదువు మీద శ్రద్ధ లేదు, కాబట్టి బడి మూసేసి హాడో బడిలో కలిపేద్దాం. ఆ ఖాళీ భవనం ప్రధాన్ తన సరుకుకి వాడుకుంటానని అప్పుడే అడిగేశాడు కూడా. ముంచిందీ వాళ్లే, తడిసినవాళ్లని తిట్టిందీ వాళ్లే! నూకాలమ్మ మా క్వార్టర్‌కి వచ్చి గుమ్మంలో కూలబడింది.

"సెద్ద లేదంటన్నారట బాబూ. నా గుంట నీళ్లలో కూకుని అచ్చరాలు దిద్దింది. ఇంకేటి సెయ్యాల సెద్ద సూపించడానికి?"

ఆమెని లేపి ఫెర్రీ దాకా దిగబెట్టాను.

మూసేముందు పెద్దలు ఒక్కసారి చూసి వెళ్లాలన్నారు. విద్యాశాఖ ఆఫీసరు, మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, ప్రధాన్. బోటు మాట్లాడే పని నాది. టైడ్ టేబుల్ అని ఒకటుంటుంది, ఏ రోజు ఏ వేళకి పోటు ఎంత ఎత్తు వస్తుందో చెప్పే పుస్తకం. జెట్టీ పనులు చేసే మాకు అది లేకుండా రోజు గడవదు. నేను పున్నమినాడు పొద్దున్నే బోటు పెట్టాను. మధ్యాహ్నం బోటు దొరకలేదు సార్ అన్నాను. దొరకలేదంటే నేను వెతకలేదు.

మేం వెళ్లేసరికి నీళ్లు గుమ్మం దగ్గరే ఉన్నాయి. పెద్దలు మెరిసే బూట్లతో లోపలికెళ్లి కుర్చీల్లో కూర్చున్నారు. ఆ రోజు పిల్లలందరూ వచ్చారు, నూకాలమ్మ ఇంటింటికీ తిరిగి పిలుచుకొచ్చింది. రత్నం లేచి ఎక్కం మొదలుపెట్టింది. ఏడో ఎక్కం సగంలో ఉండగా నీళ్లు గచ్చు మీదికి వచ్చాయి. ఎవరూ చెప్పకుండానే పిల్లలు ఒక్కసారిగా సంచులు తీసి మెడకి తగిలించుకున్నారు, పలకలు చంకలో పెట్టుకున్నారు, చిన్నవాళ్లని ఎత్తి బల్లల మీద నిలబెట్టారు. రత్నం ఎక్కం ఆపలేదు. అదంతా వాళ్లకి ప్రతి పున్నమికీ అమావాస్యకీ అలవాటైన పని అని చూసిన ఎవరికైనా అర్థమైపోతుంది.

పెద్దలు మాత్రం లబలబలాడిపోయారు. ప్రధాన్ పంచె పైకెత్తి పంతులమ్మ బల్ల ఎక్కేశాడు. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, "బోటు, బోటు ఎక్కడ?" అని గుమ్మం వైపు నడిచాడు. నూకాలమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"కూకోండి బాబూ. గుంట ఎక్కం అవనేదు. మా పిల్లలు కూకుంటన్నారు కదా, తవరు కూకోలేరేటి?"

ఆయన నా వైపు చూశాడు. నేను చూరు వైపు చూశాను. విద్యాశాఖ ఆఫీసరు ఒక్కడే కదలకుండా కూర్చుని ఎక్కం చివరిదాకా విన్నాడు. మంచి మనిషి, కానీ మూయకుండా ఆపడం వరకే ఆయన చేతిలో ఉంది, నేలా గచ్చూ కాదు.

బడి మూయడం ఆగింది. అంతవరకే మా గెలుపు. ఎత్తు నేల తిరిగి ఇవ్వలేదు, గచ్చు పెంచలేదు. నన్ను డిగ్లీపూర్‌కి బదిలీ చేశారు, ద్వీపాల కొసన, బస్సూ ఫెర్రీ మారుతూ పోవాల్సిన చోటుకి. రత్నం ఆ నీళ్లలోనే అయిదో తరగతి పాసయిందని తర్వాత తెలిసింది. ఆ పైన హాడో ఫెర్రీయే గతి. తల్లికి మళ్లీ భయం. చదువు అక్కడితో సరి.

మొదట్లో చెప్పిన ఆ పెళ్లి మర్నాడు నేను అవతలి ఒడ్డుకి వెళ్లాను. బడి ఉన్నచోట నీళ్లే ఉన్నాయి. తల తిప్పి ఎత్తు మీదికి చూస్తే కంచె లేదు, దుంగలు లేవు. మూడంతస్తుల ప్రైవేటు బడి, ముందు పసుపుపచ్చ బస్సులు. ప్రధాన్ కొడుకుదట. గేటు దగ్గర ఆయాగా నిలబడ్డ మనిషి నన్ను చూసి నవ్వింది. జుట్టు నెరిసింది కానీ ఆ నవ్వు తెలిసింది. రత్నం.

నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒక్కటే. కట్టడం ఎలా నిలబడాలో మేం చెబుతాం, ఎవరి నేల మీద నిలబడాలో, ఎవరి పిల్లలు తడవాలో వేరేవాళ్లు చెబుతారు. ఆ మాట అప్పుడే గొంతెత్తి అడగాలి. అడిగినవాడికి డిగ్లీపూర్ అయినా సరే.

నేను ఆ భవనం వైపే చూస్తుంటే రత్నం దగ్గరికి వచ్చింది.

"నేల కింద రాయుంది, ఇక్కడ బడి కుదరదన్నారు కదా సార్ అప్పుడు మీ పెద్దలు?" అంది. "సూడండి, మూడంతస్తులు. ఒక్క పగులు నేదు."