మా ఇంట్లో తొమ్మిది రోజుల సరిహద్దు

పోయిన దసరా సెలవులకు ముందు మా ఇంట్లో అక్కాతమ్ముళ్ళు తొమ్మిది రోజులు మాట్లాడుకోలేదు. పాపకు పదకొండేళ్ళు, బాబుకు ఏడు. వాళ్ళు కొట్టుకోవడం నాకు కొత్త కాదు. పొద్దున దువ్వెన దగ్గర మొదలై రాత్రి దుప్పటి దగ్గర ముగిసే కొట్లాటలు మా ఇంట్లో రోజూ ఉంటాయి. కానీ నోరు మూసుకుని చేసిన యుద్ధం మాత్రం అదే మొదటిది.

మేముండేది మార్కాపురంలో. ముందు గది, నడిమింటి గది, వంటిల్లు, వెనక చిన్న పెరడు, అందులో స్నానాలగది. చుట్టుపక్కల చాలా ఇళ్ళలాగే మా ఇంట్లోనూ పలకరాయి పరిచిన నల్లటి నేల. ముందు గదిలో నా కుట్టు మిషను. వీధిలో ఆడవాళ్ళ జాకెట్లు, పిల్లల గౌన్లు నేనే కుడతాను. మా ఆయన కొనకనమిట్ల వైపు ఒక ఊరి బడిలో లెక్కలు చెప్తాడు, పొద్దున్నే బస్సెక్కి పోయి సాయంత్రానికి వస్తాడు. మా అత్త మాతోనే ఉంటుంది. నడిమింట్లో మంచం ఆమెది.

ఆ రోజు సాయంత్రం ఇద్దరు ఆడవాళ్ళు కొలతలివ్వడానికి వచ్చి కూర్చున్నారు. బాబు గుండీల కోసం మిషను సొరుగు తెరిచాడు. వాడు ఆ ఏడాదే తడబడకుండా చదవడం నేర్చుకున్నాడు. బస్సు బోర్డు, బిస్కెట్ ప్యాకెట్, మందు సీసా, ఏది కనబడినా పైకి చదవాల్సిందే. సొరుగులో దారపు ఉండల కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం దొరికింది. విప్పి, నిలబడి, బళ్ళో ప్రార్థనలో చదివినట్టు గట్టిగా చదివాడు.

"గణితం. ఇరవై అయిదుకు ఆరు. శ్ర... శ్రద్... శ్రద్ధ లేదు."

'శ్రద్ధ' దగ్గర వాడు పడ్డ పాట్లు చూసి ఆ ఇద్దరూ నవ్వేశారు. పళ్ళ మధ్య గుండుసూదులు పెట్టుకుని ఉన్నానే గానీ నేనూ నవ్వాను. తల తిప్పేసరికి వంటింటి గడప దగ్గర పాప నిలబడి ఉంది. లెక్కల అయ్యవారి కూతురికి లెక్కల్లో ఆరు మార్కులు. దాచుకోవడానికి ఇల్లంతా వెతికి, నా సొరుగైతే ఎవరూ ముట్టరని అక్కడ పెట్టుకుంది, పిచ్చిది.

ఏడ్వలేదు. తమ్ముణ్ణి కొట్టలేదు. నేరుగా వచ్చి, నేను గుడ్డ మీద గుర్తులు పెట్టుకునే సుద్దబిళ్ళ తీసుకుంది. నడిమింట్లో మోకాళ్ళ మీద కూర్చుని ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక గీత గీసింది. నల్లరాయి మీద తెల్లగా భలే తేలింది. గీత సరిగ్గా మా అత్త మంచం కిందుగా పోయింది.

"ఇటు వంటిల్లు, పెరడు నావి. అటు మిషను, టీవీ వాడివి. వాడు గీత దాటకూడదు. నేనూ దాటను," అని నాకు చెప్పింది. వాడికి కాదు. వాడితో మాటలు అప్పటికే అయిపోయాయి.

మొదటి రోజు నేను పట్టించుకోలేదు. తెల్లారి ఇల్లు తుడిచేటప్పుడు గీతను కూడా తుడిచేశాను. నేను బకెట్ పారబోసి వచ్చేలోపు మళ్ళీ గీసి ఉంది. మధ్యాహ్నం తుడిచాను. బడి నుంచి రాగానే సంచీ భుజం మీదుండగానే గీసింది. మూడో రోజుకు నేనే ఓడిపోయాను. గీత ఇటు కొంచెం, అటు కొంచెం వేరువేరుగా తుడవడం నేర్చుకున్నాను.

పాప మాట అంటే మాటే. వీధి వాకిలి తమ్ముడి వైపుంది కాబట్టి పెరటి తలుపు తీసుకుని, సందు చుట్టూ తిరిగి బడికి పోయింది. స్నానాలగది అక్క వైపుంది కాబట్టి బాబుకు అసలు కష్టం వచ్చిపడింది. గీత దగ్గర కాళ్ళు దగ్గరగా పెట్టుకుని నిలబడి, అక్క పక్కనే ఉన్నా, అవ్వతో చెప్పేవాడు, "అవ్వా, నేను అర్జెంటుగా పోవాల అని చెప్పు."

మా అత్త ఆ మాటను మంచం మీద నుంచి అటు అందించేది. పాప కాసేపు ఆలోచించినట్టు నటించి, "పోయి రమ్మను. కుడిపక్క నుంచి పోవాల," అనేది.

మా అత్తకు ఆ రోజులు పండగే. తల వంటింటి వైపు, కాళ్ళు వీధి వైపు పెట్టి పడుకుంటుంది కాబట్టి, "నా తలకాయ దాని దిక్కు, కాళ్ళు వీడి దిక్కు. ఇంతకీ నేను ఎవరిదాన్ని?" అని అడిగింది ఒకసారి. ఇద్దరూ దాన్ని నిజంగానే లెక్కలోకి తీసుకున్నారు. పాప అవ్వ తలకు నూనె పెట్టి జడ వేయడం మొదలుపెట్టింది. అది చూసి బాబు ఊరుకుంటాడా, కాళ్ళు తన వంతని కూర్చుని పిసికాడు. రెండు పూటలా సేవలు. గీతను ఎట్లాగైనా తీయించమని నేను బతిమాలితే, "ఇంకో నెల ఉండనీలే అమ్మా, ఏం తొందర," అని కళ్ళు మూసుకుంది.

మా ఆయన కాగితం చూశాడు. ఆయన కాఫీ తాగుతూ రెండు వైపులా తిప్పి చూసి, మడిచి నా చేతికిచ్చాడు. "నాకు ఎనిమిదో తరగతిలో నాలుగొచ్చినాయి. ఆ సంగతి పాపకు చెప్పొద్దు," అన్నాడు గొంతు తగ్గించి. నేను చెప్పలేదు. మంచం మీద నుంచి వింటున్న వాళ్ళమ్మ, పాప బడి నుంచి రాగానే చెప్పేసింది. ఆ సాయంత్రం పాప లెక్కల పుస్తకం పట్టుకుని నాయన పక్కన కూర్చుంది. తమ్ముడి వైపు మాత్రం చూడలేదు.

ఆరో రోజో ఏడో రోజో నాకు ఓపిక పోయింది. పండగకు ఇవ్వాల్సిన జాకెట్లు కుప్పగా ఉన్నాయి. మధ్యలో ఇటు నుంచి అటు ఉప్పు డబ్బా, అటు నుంచి ఇటు రిమోటు మోయడం నా పనైపోయింది. మిషను తొక్కుతూనే పాపను గద్దించాను.

"తోడబుట్టినోడితో ఇన్ని రోజులు మాట్లాడకుండా ఎవరన్నా ఉంటారా?"

పాప వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తల ఎత్తకుండానే, "నువ్వు మామతో మాట్లాడుతున్నావా?" అంది.

మిషను ఆగిపోయింది. మా అత్త దగ్గి, గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగి పడుకుంది.

మామ అంటే మా అన్న. కంభం చెరువు కింద పొలం చేసుకుంటాడు. రెండేళ్ళ కిందట కొత్త ఇల్లు కట్టుకున్నాడు. కొత్త ఇంట్లో ఆడబిడ్డ పాలు పొంగించాలి. ఆ ఇంటికున్న ఒక్క ఆడబిడ్డను నేను. అన్న వచ్చి బొట్టు పెట్టి పిలుస్తాడని చీర కూడా తీసి పెట్టుకున్నాను. అన్న రాలేదు. మా ఆయనకు ఫోన్ చేసి, ఫలానా రోజు గృహప్రవేశం, అందరూ రండి అని చెప్పి పెట్టేశాడు. ఆ ఫోన్ నా చేతికి కూడా ఇమ్మనలేదు. నేను పోలేదు. మా వదిన రెండుసార్లు ఫోన్ చేసింది. కుట్టు పని ఎక్కువుందని చెప్పాను. తర్వాత వాళ్ళూ చేయలేదు, నేనూ చేయలేదు. మా నాయన బతికుంటే ఇద్దరికీ చెరొకటి తగిలించి ఒకచోట కూర్చోబెట్టేవాడు. ఆయన పోయాక ఆ పని చేసేవాళ్ళు లేరు. రెండేళ్ళు అట్లాగే గడిచిపోయాయి. పిల్లలకు ఇవన్నీ తెలియవనుకున్నాను.

"పెద్దోళ్ళ సంగతి వేరే," అన్నాను. ఆ మాట నాకే నచ్చలేదు. అది చిక్కుడుకాయలు ఒలిచి, గిన్నె తెచ్చి గీత అంచున పెట్టింది.

తొమ్మిదో రోజు బాబు పన్ను ఊగడం మొదలైంది. కింది పళ్ళు రెండు అంతకుముందే ఊడాయి, ఇది పై వరస ముందు పన్ను. పొద్దున్నుంచి నాలుకతో తోస్తూనే ఉన్నాడు, అన్నం తినలేదు. నేను చూస్తానంటే నోరు తెరవలేదు. వాళ్ళ నాయన పిలిస్తే టీవీ వెనక దాక్కున్నాడు. ఆ రెండు పళ్ళనూ తీసింది అక్కే. ఆ పని దానికి తప్ప ఎవరికీ రాదని వాడి నమ్మకం.

సాయంత్రం నేను మిషను మీదున్నాను. బాబు గీత దగ్గరికి వచ్చి, కాలి గోళ్ళు గీతకు ఆనించి నిలబడ్డాడు. ఏం అడగలేదు. ఊరికే నోరు తెరుచుకుని నిలబడ్డాడు. పాప పుస్తకం మీద నుంచి చూసింది. మళ్ళీ పుస్తకం చూసుకుంది. వాడు అట్లాగే నిలబడ్డాడు, చొంగ కారుతోంది. పాప లేచి గీత అవతల నుంచే నా వైపు చేయి చాపింది, దారం ఇమ్మని. నేను జానెడు తెంపి ఇచ్చాను. గీత దాటకుండానే వంగి, పన్నుకు దారం కట్టి, "మామిడిపండు తింటావా?" అని అడిగింది. ఈ కాలంలో మామిడిపండు ఎక్కడిదని వాడు ఆలోచించేలోపు లాగేసింది.

వాడు ఏడ్వబోయి, దారానికి వేలాడుతున్న పన్ను చూసి మానుకున్నాడు. ఇంటి మీదకు విసరాలి, లేకపోతే మంచి పన్ను రాదు. ఇద్దరూ వీధి వాకిట్లోకి పరిగెత్తారు. విసిరితే మా ఇంటి మీద కాకుండా పక్కింటి మీద పడిందట. ఆ పన్ను పక్కింటి వాళ్ళకు వస్తుందా అని వాడు, రాదులే అని అది, వాదించుకుంటూ లోపలికి వచ్చారు. సరిహద్దు ఎక్కడుందో ఇద్దరికీ గుర్తులేదు. గీత మీద నాలుగైదు కాళ్ళ గుర్తులు పడి అప్పటికే చెరిగిపోయింది.

ఆ పూట పాపకు జడ వేస్తూ, ఆ రోజు నవ్వినందుకు తప్పయిందని చెప్పాను. అది రిబ్బను నా చేతికి అందించింది. తర్వాత, "వాడు చదివినందుకు కాదు నాకు కోపం. నువ్వు నవ్వినావు," అంది. మరి గీత నా చుట్టూ గీయాల్సింది కదా అన్నాను. "నీ చుట్టూ గీస్తే అన్నం ఎవరు పెడతారు?" అని అడిగింది. అద్దంలో దాని మొహం చూస్తే నవ్వుతోంది.

సెలవులు మొదలైన రెండో రోజు పిల్లలిద్దరినీ తీసుకుని కంభం బస్సెక్కాను. ఫోన్ చేయలేదు. చేస్తే మాటలు ఎక్కడికి పోతాయో అని భయం. దారి పొడుగునా బాబు కండక్టరుకు పన్ను సందు చూపిస్తూ కూర్చున్నాడు. కంభంలో దిగి ఆటో ఎక్కాం. తలుపు తీయకపోతే ఎట్ల అనుకున్నాను. తీసి, ముఖం చాటేస్తే ఇంకా ఎట్ల.

మా వదిన వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. నన్ను చూసి చేట అక్కడే వదిలేసి వచ్చింది, పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుంది. నన్నేమీ అడగకుండా లోపలికి తోసుకుపోయింది. అన్న మడి కాడ ఉన్నాడని, వస్తాడని చెప్పి, పొయ్యి వెలిగించింది. ఆ ఇల్లు నేను చూడటం అదే మొదలు. గోడలకు ఆకుపచ్చ రంగు. ఎవరు చెప్పారో ఆ రంగు వేయమని.

అన్న మోకాళ్ళ దాకా బురదతో వచ్చాడు. గడప మీద నన్ను చూసి ఆగాడు.

"ఎప్పుడొచ్చినావు పాపా? తిన్నావా?"

నాకు నలభై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి. అన్నకు నేనింకా పాపనే. తినలేదన్నాను. కాళ్ళు కడుక్కుని వస్తానని కుళాయి దగ్గరికి పోయాడు. రెండు కాళ్ళు కడగడానికి అంతసేపు ఎవరికీ పట్టదు. తిరిగొచ్చినప్పుడు మొహం కూడా కడుక్కుని ఉన్నాడు.

అన్నం తిన్నాక నేనే అడిగాను, పాలు ఎవరు పొంగించారని. రెండేళ్ళు నన్ను తొలిచిన మాట అది. మా వదిన చెల్లెలు పొంగించిందని ఎవరో చెప్పగా విన్నాను.

"ఎవరూ పొంగించలేదు," అన్నాడు అన్న. "పూజారి టైం దాటిపోతాందని అరుస్తా ఉన్నాడు. మీ వదిన చెల్లెలు గిన్నె పట్టుకుంటే నేనే వద్దన్నా. నువ్వు ఆటో దిగుతావని వాకిలి చూసి చూసి, నేనే పొయ్యి మీద పెట్టినా. సగం మాడిపోయినాయి."

"మరి వచ్చి పిలవొచ్చు గదా."

"పిలవాల్సింది. పని మీద పని, బావకు చెప్తే నీకు చెప్పినట్టే అనుకున్నా. తప్పు నాదే." తువ్వాలు భుజాన వేసుకుని, "ఫోన్ చేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. నువ్వు పెట్టేస్తావని భయం," అన్నాడు.

నన్ను చూసి భయపడేవాడు ఈ లోకంలో మా అన్న ఒకడున్నాడని నాకు అప్పటిదాకా తెలియదు. ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. మా వదిన మధ్యలో దూరి, మాడిన పాలతో చేసిన పాయసం ఊరంతా తిన్నదని, ఎవరూ బాగలేదని అనలేదని చెప్పింది.

సాయంత్రం అన్న పిల్లల్ని చెరువుకట్ట మీదకు తీసుకుపోయాడు. ఆ ఏడు వానలు బాగా పడి చెరువు నిండుగా ఉంది. ఇద్దరూ నడుముల దాకా తడిసి వచ్చి, సెలవులు అయ్యేదాకా మామ దగ్గరే ఉంటామన్నారు. తాము ముందే మాట్లాడుకున్నామని, నన్ను అడగడం ఊరికే మర్యాదకని పాప మొహం చూస్తేనే తెలిసింది. బట్టలు తేలేదు కదా అంటే, మా వదిన తన పిల్లల పాత బట్టల మూట తెచ్చి ముందు పెట్టింది.

అన్న నన్ను బస్సు దగ్గర దింపాడు. కిటికీ పక్కన కూర్చున్నాను. పదకొండేళ్ళలో నా ఒళ్ళో ఎవరూ లేకుండా, చేతిలో నీళ్ళ సీసా లేకుండా బస్సెక్కడం అదే మొదటిసారి. అటుపక్క కొండలు చూస్తూ పోవాలనుకున్నాను. బస్సు ఊరు దాటకముందే నిద్ర పట్టేసింది. మార్కాపురంలో కండక్టరు వచ్చి, "అమ్మా, దిగు, ఇదే ఆఖరు," అని లేపాల్సివచ్చింది.