ఒక గడి కిందికి జరిపిన బెర్తా మాటల అర్థాలు

ఆ లెక్చరర్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. చివర్లో మనసు మార్చుకుంటానేమోనని ఎవరూ ఎదురుచూడకుండా ముందే చెప్పేస్తున్నాను.

భీమవరంలో మా మేడ మీది గదిలో అప్పటికి ఏడాదిగా ఇథియోపియా నుంచి వచ్చిన ఒకాయన ఉంటున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. వాళ్ళ దేశంలో చేపల శాఖలో పనిచేస్తూ, రొయ్యల సాగు మీద పై చదువుకని వచ్చాడు. నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. ఎదుటివాళ్ళు తెలుగు తప్పు మాట్లాడితే ఊరుకోలేను. సాయంత్రం టీ వేళ అతనికి నేర్పడం మొదలుపెట్టాను. నెల తిరక్కుండానే మాట మాటకీ 'అండి' తగిలించడం పట్టేశాడు. ఊరికే నేర్పించుకోవడం మాత్రం అతనికి నచ్చలేదు.

"మా భాష మీకు చెప్తానండి టీచర్‌గారు" అన్నాడు ఒకరోజు. అది బెర్తా. సూడాన్ సరిహద్దు దగ్గర వాళ్ళ ఊళ్ళలో మాట్లాడతారట.

మొదటి వారంలోనే నా గర్వం అణిగింది. వాళ్ళకి మామూలు క, త ఉన్నాయి. అవి కాక గొంతు బిగించి, ఊపిరి ఆపి, టక్కున వదిలే క, త వేరే ఉన్నాయి. నేను వాటిని ఒత్తక్షరాలనుకుని దర్జాగా 'ఖ' అని పలికాను. అతను నా నోటి ముందు అరచెయ్యి పెట్టి, "గాలి రాకూడదండి" అన్నాడు. ఎన్నిసార్లు పలికినా గాలి వస్తూనే ఉంది. మా ఆయన పేపరు పక్కన పెట్టి, "ఎవరికైనా పొలమారిందా ఏంటి?" అన్నాడు. అది చాలదన్నట్టు, అదే మాటని గొంతు ఎత్తి పలికితే ఒక అర్థం, దించి పలికితే ఇంకొకటి. క్రియ మనకిలా చివర కూర్చోదు, 'నేను తిన్నాను చేప' అన్నట్టు మధ్యలోకి వచ్చేస్తుంది. పెద్ద ఇల్లు అనరు, ఇల్లు పెద్ద అంటారు. ఇన్నేళ్ళు పిల్లలకి వ్యాకరణం చెప్పినదాన్ని, ఆ టీ బల్ల దగ్గర ఒకటో తరగతి పిల్లనైపోయాను. ఎంత బాగుండేదో ఆ కాలం!

వాళ్ళమ్మ ఫోన్ చేసినప్పుడల్లా స్పీకర్ పెట్టేవాడు. కాల్ అయ్యాక ఆవిడ మాటలు నెమ్మదిగా మళ్ళీ చెప్పేవాడు, నేను గీతల నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. ఎడమ గడిలో తెలుగు లిపిలో బెర్తా, కుడి గడిలో అర్థం, ఎత్తి పలికేచోట ఎర్ర పెన్సిల్ గీత.

"ఇది పుస్తకమైతే మా అమ్మకి పట్టుకెళ్తానండి" అన్నాడు.

"ఆవిడకి తెలుగు చదవడం రాదుగా బాబూ."

"చదవక్కర్లేదండి. మా మాటల మీద పుస్తకం ఉందని చేత్తో పట్టుకుంటే చాలు. నేనైతే ఇప్పటిదాకా ఒక్కటీ చూడలేదండి."

ఆ పుస్తకం మీద అతనికెంత ఆశ ఉందో నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను, ఆ తర్వాత చేసిన పని.

మా వీధి చివర ఇంట్లో ఒక డిగ్రీ కాలేజీ లెక్చరర్ ఉంటాడు. మేం రెండో నోట్‌బుక్ రాస్తుండగా, సంగతి ఎవరి ద్వారానో విని వచ్చాడు. మా ఇంట్లో కాఫీ తాగి, "ఒక్క రెండు రోజులు చూసి ఇచ్చేస్తానండి మేడమ్‌గారూ" అని మొదటి నోట్‌బుక్ అడిగాడు. మా వైపు గడపలోకొచ్చి, గారూ అండీ అని చెయ్యి చాపినవాడికి లేదనడం మాకు చేతకాదు. ఇచ్చాను. రెండు రోజులు మూడు నెలలయ్యాయి. ఆ తర్వాత వాళ్ళ కాలేజీ పత్రికలో అతని ఫొటోతో వ్యాసం వచ్చింది. బెర్తా ధ్వనుల మీద తన పరిశోధనట! గాలి రాని క గురించి నేను రాసుకున్న వాక్యం కామాతో సహా అందులో ఉంది. చివర ఒక ముక్క: 'సహకరించిన స్థానిక గృహిణికి ధన్యవాదాలు'.

గృహిణి! ఒళ్ళు భగ్గుమంది. పత్రిక పట్టుకుని వాళ్ళింటికే వెళ్ళాను.

"మీ పేరు వేస్తే వెయిట్ ఉండదు మేడమ్‌గారూ. డిగ్రీలు చూస్తారు కదండీ" అని నవ్వాడు. నవ్వి ఊరుకోక, "రెండో నోట్‌బుక్ కూడా ఇస్తే పుస్తకమే వేసేద్దాం. ఈసారి మీ పేరు లోపలెక్కడో వేద్దాం లెండి" అన్నాడు.

లోపలెక్కడో వేస్తాడట, వాడి మొహం మండ! పళ్ళు నూరుకుంటూనే, "ఆయ్, అలాగేనండి, సాపు రాసి ఇస్తాను" అన్నాను.

సాపు రాశాను. పది రోజులు తలుపేసుకుని రాశాను. ఎడమ వైపు బెర్తా మాటలు ఉన్నవి ఉన్నట్టు దించి, కుడివైపు అర్థాలన్నీ ఒక్క గడి కిందికి జరిపాను. నీళ్ళ ఎదురుగా నిప్పు, తల ఎదురుగా గిన్నె. ఎర్ర గీతలు తీసేశాను. ఒకచోట మేడ మీది ఆయన వాళ్ళమ్మ ఫోన్లో చెప్పిన రెండు వాక్యాలు వరసగా ఉన్నాయి. మొదటిది 'పెద్దలందరికీ నమస్కారం', రెండోది 'మన మేక చచ్చిపోయింది'. మైకు దొరికితే ఆ లెక్చరర్ దేన్ని అందుకుంటాడో నాకు తెలుసు. ఆ గడి జరుపుతుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మేడ మీది ఆయనకి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే ఒద్దంటాడని భయం.

పుస్తకం అచ్చయింది. చుట్టుపక్కల కాలేజీ లైబ్రరీలన్నిటికీ పంపించారు. ఓ ఆదివారం పొద్దున్న వాళ్ళ కాలేజీ హాల్లో లెక్చరర్‌కి సన్మానం పెట్టారు. శాలువా, మెమెంటో, ఆత్రేయపురం పూతరేకుల పెట్టె. మా మేడ మీది ఆయన్ని స్టేజి మీద పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, అప్పుడే చేతికిచ్చిన పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. ఇంకా తెరవలేదు.

లెక్చరర్ లేచి, "మన అతిథిగారి భాషలోనే మీకందరికీ నమస్కారం చెప్తాను" అని చేతులు జోడించి బెర్తాలో ఒక వాక్యం పలికాడు. హాలంతా చప్పట్లు. నేను మూడో వరసలోంచి లేచాను.

"అయ్యా, నాదొక్క సందేహం. మీరిప్పుడు చెప్పినదానికి అర్థమేంటో ఆయన్నే అడగండి."

మైకు అతని చేతికిచ్చారు. లెక్చరర్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. అబద్ధం చెప్పడం రాదతనికి.

"మన మేక చచ్చిపోయింది అన్నారండి."

హాలు గొల్లుమంది. లెక్చరర్ మొహం నల్లబడిపోయింది. శాలువా సర్దుకుంటూ నా వైపు వేలు చూపించి, "ఆవిడేనండీ! ఈ నోట్సంతా ఆవిడే రాసిచ్చింది!" అని అరిచాడు. నాకు కావలసిన మాట ఇన్నాళ్ళకి వాడి నోటితోనే, అందరి ముందూ వచ్చింది. ఆహా, నా కడుపు చల్లబడింది! ఇంకో పదిసార్లు అరిస్తే బాగుండుననిపించింది.

అంతలో వెనక వరసల్లోంచి ఎవరో 'మే' అన్నారు. ఇంకొకరు అందుకున్నారు. ఆ తర్వాత ఆ బిగించిన శబ్దాలని ఉమ్మినట్టు అనుకరించడం మొదలుపెట్టారు. లెక్చరర్ అప్పటికే స్టేజి దిగిపోయాడు. మైకు పట్టుకుని నిలబడి ఉన్నది మా మేడ మీది ఆయనొక్కడే.

ఆటోలో ఇంటికొస్తూ అతను పుస్తకం తెరిచి పేజీలు తిప్పాడు. మూడు పేజీలకి మూసేశాడు.

"ఇది మీరు చేశారా టీచర్‌గారు?"

"చేశాను. నా కష్టం దొంగిలించినవాడికి బుద్ధి రావద్దూ?"

"ఆయన సంగతి రెండు నెలల్లో అందరూ మర్చిపోతారండి. లైబ్రరీల్లో ఈ పుస్తకం మీద మా భాష పేరు ఉందండి." పుస్తకాన్ని ఒళ్ళో బోర్లించాడు. "ఆ మేక చచ్చిపోయిన రోజు మా అమ్మ చాలా ఏడిచిందండి."

అసలు నోట్‌బుక్కు నా దగ్గర భద్రంగానే ఉంది కదా అని ధైర్యం తెచ్చుకున్నాను.

"రేపటినుంచి మళ్ళీ కూర్చుందాం బాబూ. ఈసారి మనమే వేద్దాం, మీ అమ్మగారికి ఇచ్చేలా. ఒక్క తప్పు లేకుండా రాస్తాను."

"వద్దండి" అన్నాడు, నేను నేర్పిన మర్యాదతోనే. "మీకు మళ్ళీ ఎవరి మీదైనా కోపం వస్తే మార్చేస్తారండి."