డ్రైవరు వైపు తలుపు

కలకత్తాకి ఈవల మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో పోలమ్మ వదిన మీద అందరికీ ఒకటే ఫిర్యాదు. మొగుడు పోతే ఏడవలేదని. రైల్వే ఆస్పత్రి నుంచి శవాన్ని తెచ్చిన రోజున గుమ్మంలో నిలబడి, స్ట్రెచరు ఎటు తిప్పితే సందులో పడుతుందో మోసేవాళ్లకి చెప్పిందట. ఆ ఒక్క మాటని మా క్వార్టర్ల లైనులో ఆడవాళ్లు ఏళ్ల తరబడి నమిలారు. వాళ్ల ఇళ్లల్లో చావులూ నేను చూశాను. గుండెలు బాదుకుని ఏడ్చినవాళ్లే పదోరోజు భోజనాల్లో పప్పులో ఉప్పు చాలలేదని ఎలా పోట్లాడారో అదీ చూశాను. ఏడుపుని బట్టి మనిషిని తూచేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆవిడ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. నాకు తెలిసింది నేను చెబుతాను.

ఆవిడ భర్త గవరయ్యన్న వర్క్‌షాపులో పెయింటరు. టెక్కలి దగ్గర పల్లె నుంచి తండ్రి వెంట వచ్చి, ఖలాసీగా, అంటే చిల్లర పనుల మనిషిగా చేరి, రైలుబోగీలకి రంగు వేసే పనిలో స్థిరపడ్డాడు. మనిషి మెత్తన. ఒక్క విషయంలో మాత్రం మొండి. షాపు రంగు షాపులోనే ఉండాలి, చుక్కయినా ఇంటికి రాకూడదు. మా లైనులో సగం కిటికీలకి, ట్రంకుపెట్టెలకి బోగీ రంగే ఉండేది, ఎలా వచ్చిందో ఎవరూ అడిగేవాళ్లు కారు. పెయింటరు ఇంటి కిటికీ మాత్రం వట్టి చెక్క. దీని మీద మేం ఆయన్ని ఎంత ఆటపట్టించినా నవ్వి ఊరుకునేవాడు.

విశ్వకర్మ పూజ రోజున వర్క్‌షాపు లోపలికి ఇంటివాళ్లనీ రానిస్తారు. ఒక ఏడు ఆయన వదినని తీసుకెళ్లి తన పని చూపించాడు. కొత్త రంగు వేసే ముందు తలుపు కీలు ఒకటి విప్పి, దాని కింద బొటనవేలంత మేర పాత రంగు అలాగే వదిలేసి, చుట్టూ రంగు వేసి, ఆరాక కీలు మళ్లీ బిగించేవాడు. దాన్ని పెయింటర్లు సాక్షి అనేవారు. ఎండా వానా తగలని చోటు కనక ఆ ముక్క రంగు మారదు. రేపెవరికైనా అడుగున ఉన్న అసలు రంగేమిటని అనుమానం వస్తే కీలు విప్పి చూసుకోవచ్చు. ఇలా చెయ్యమని పై అధికారి ఎవరూ చెప్పలేదు. పాత మేస్త్రీ నేర్పాడు, ఈయన మానలేదు.

పంతొమ్మిది వందల అరవై మూడులో ఊపిరితిత్తులు చెడి ఆయన పోయాడు. మొగుడు పోయినందుకు ఇచ్చే ఉద్యోగం కింద వదినని అదే షాపులో ఖలాసీగా తీసుకున్నారు. ఇచ్చిన పని ఏమిటంటే, మరమ్మతుకి వచ్చిన బోగీల మీద నీళ్లు పోస్తూ వాటర్ పేపరనే గరుకు కాగితంతో పాత రంగు రుద్ది తీసెయ్యడం. బోగీ అన్నాక కొన్నేళ్లకి మళ్లీ షాపుకి రావలసిందే. అంటే గవరయ్యన్న రంగు వేసినవన్నీ ఒకటొకటిగా ఆవిడ ముందుకే వచ్చాయి. రోజంతా నిలబడి మొగుడి పనిని చెరిపి ఇంటికొచ్చి వంట చేసుకునేది. ఎలా చేస్తున్నావని ఓసారి అడిగితే, "ఆయన కోటింగు సేతికి తెలుస్తాది వొదినా. పల్సగా ఒక్క తీరుగుంటాది. వేలెడితే సాలు" అంది. అందులో బాధ ఉన్నట్టు గాని, సంతోషం ఉన్నట్టు గాని నాకు కనబడలేదు. కొన్నాళ్లకి ఆయన చెయ్యి పడిన బోగీలు రావడం ఆగిపోయింది. అన్నీ అయిపోయాయన్నమాట.

ఇంట్లో ఆయన గుర్తంటూ ఏదీ లేదు. ఫొటో దిగే అలవాటు లేని మనిషి. పిల్లలు లేరు. వదిన మా ఇంట్లోనే ఎక్కువ కూచునేది. మా చిన్నదానికి ఒళ్లు వెచ్చబడితే చూడమనేదాన్ని. అందరిలా చెయ్యి పెట్టి చూసేది కాదు, వంగి దాని నుదుటికి తన చెంప ఆనించేది. అంత ప్రేమ గల మనిషిని పట్టుకుని రాయి అంటారేమిటని నేను మండిపడేదాన్ని.

ఒక్కటి మిగిలి ఉందని ఆవిడకి తెలుసు. ఎప్పుడో ఓ దసరా పూజా సెలవుల్లో ఝాడ్‌గ్రాం వైపు జమీందారు ఒకాయన గవరయ్యన్నని పిలిపించుకుని తన కారుకి రంగు వేయించుకున్నాడు. ఇటలీ కారట, పందేల్లో పరిగెత్తే రకమట. గవరయ్యన్న ఇంటికొచ్చి, పచ్చరంగు వేశానని, డ్రైవరు వైపు తలుపు కీలు కింద సాక్షి ఉంచానని చెప్పాడు. అడుగున ఏ రంగుందని ఈవిడ అడగలేదు. అప్పుడు పొయ్యి మీద అన్నం పొంగుతోంది. తరవాత జమీందారు పోయాడు, కారు ఎటు పోయిందో తెలీదు. ఎక్కడో ఆ పచ్చ కారు తిరుగుతూ ఉంటుందని మాత్రం ఆవిడ నాతో రెండు మూడుసార్లు అంది. రైల్వేది కాదు కాబట్టి దాన్ని రుద్దెయ్యడానికి ఎవరూ పట్టుకురారని.

అరవై తొమ్మిదిలో, దసరాలకి ముందు, ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పే భీమశంకరం గారు కలకత్తా బ్రోకరు దగ్గర ఓ పాత ఇటలీ కారు కొన్నారు. రాజమండ్రి వైపు మనిషి, పెళ్లి కాలేదు, కారు మీదే మోజు. సీట్లు, స్టీరింగు, మీటర్లుండే ముందు పలక అన్నీ విప్పి బాగుచెయ్యడానికి కలకత్తాలోనే ఉంచారు. వట్టి డొల్లని లారీ మీద తెచ్చి నిమ్‌పురాలో ఆమోసు షెడ్డులో దింపారు. ఆమోసు లోకో షెడ్డులో ఫిట్టరు, డ్యూటీ అయ్యాక కార్లు బాగుచేస్తాడు. కారు పైకి నలుపు. అది ఫ్యాక్టరీ నుంచి ఏ రంగులో బయటికొచ్చిందో ఆ రంగే మళ్లీ కనబడాలన్నది భీమశంకరం గారి పట్టుదల. రంగు ఊడగొట్టే మందు పోసి ఒలిస్తే అన్నీ కలిసి ఊడిపోతాయని, పొర తరవాత పొర తియ్యగల చెయ్యి కావాలని ఆమోసు చెప్పి, పోలమ్మ వదిన దగ్గరికి వచ్చాడు. సెలవుల్లో ఇంట్లో కూచుని చేసేదేమీ లేదు గనక ఆవిడ ఒప్పుకుంది.

మొదటిరోజు నేనూ వెంట వెళ్లాను. వెనక మడ్‌గార్డు మీద అరచెయ్యంత జాగా తడిపి, గుండ్రంగా రుద్దడం మొదలెట్టింది. ముందు నలుపు పోయింది. దాని కింద పచ్చ తేలింది.

వదిన చెయ్యి ఆగింది. కాసేపు ఆ పచ్చని చూసింది. ఆవిడ మొహంలో ఏమీ లేదు. ఆమోసుని పిలిచి తలుపు కీలు విప్పమంది. ఎప్పుడూ కార్లు చూస్తున్న అలవాటు కొద్దీ నేరుగా కుడి తలుపు దగ్గరికే నడిచింది. ఆమోసూ ఆ తలుపుదే విప్పాడు. కీలు కింద అంతా పచ్చే. ఎక్కడా బొటనవేలంత తేడా లేదు.

"నీ సేతికేటి తెలుస్తంది వొదినా?" అన్నాను.

వేలు పెట్టి చాలాసేపు రాసింది. "ఏటీ నేదు. ఇది ఆయనది కాదు" అంది.

పచ్చ కార్లు ప్రపంచంలో ఒకటే ఉంటాయా ఏమిటని నేనూ సర్దుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు కాస్త తేలికగా అనిపించింది. ఆయనదే అయితే ఆవిడ ఏం చేసేదో ఊహించుకోవడం నావల్ల కాలేదు.

ఆ సెలవులంతా ఆవిడ అక్కడే. బకెట్టు, గుడ్డ, వాటర్ పేపరు. నలుపు పోయాక పచ్చ, పచ్చ పోయాక ఇటికరంగు ప్రైమరు, దాని అడుగున అసలు రంగు. ఆ రంగు దగ్గర చెయ్యి ఆపాలి, ఒక్క రుద్దు ఎక్కువైతే రేకు తేలుతుంది. బయట పూజా పందిళ్లలో ఢాకీలు డప్పులు వాయిస్తుంటే, లోపల ఈవిడ రుద్దే చప్పుడు. పచ్చనీళ్లు షెడ్డు వెనక కాలవలోకి పారేవి. కాలవ అంచు రాళ్లన్నీ పచ్చబడ్డాయి. నేను అన్నం తీసుకెళితే తినేది, ఏమైనా అడిగితే జవాబిచ్చేది. ఆవిడ అంతకు ముందూ అంతే.

ఇటలీ పందెపు కారంటే ఎరుపే ఉంటుందని భీమశంకరం గారి నమ్మకం. తేలింది ఎరుపు కాదు. నీలిమందు కాస్త ఎక్కువ పడిన తెల్లపంచె రంగు. మొదట్లో ఆయన మొహం వాడిపోయింది గాని, రెండు రోజులు చుట్టూ తిరిగాక ఆ రంగునే ప్రేమించడం మొదలెట్టారు. చిక్కల్లా ఒకటే. బానెట్టు మీద ఒక ఛాయ, తలుపుల మీద ఒక ఛాయ, వెనక ఇంకొకటి. కొన్ని చోట్ల ఎండకి వెలిసింది, కొన్ని చోట్ల రుద్దుడికి పల్చబడింది. రేకు తేలిన జాగాల్లో అదే రంగు కలిపి వెయ్యాలి. ఏ ఛాయని నమ్మి కలపాలి? ఎండ సోకని ముక్క ఒక్కటి ఎక్కడైనా దొరికితే చాలునని ఆయన డిక్కీలోనూ, సీట్లు తీసిన చోటా వెతికారు. అక్కడంతా తుప్పు.

సెలవుల చివర్లో కలకత్తా నుంచి సామాను వచ్చింది. మధ్యాహ్నం నేను కేరేజీ పట్టుకుని వెళ్లేసరికి ఆమోసు కారులో కూచుని స్టీరింగు బిగిస్తున్నాడు. వదిన ఆఖరి మడ్‌గార్డు తుడుస్తోంది. కారు మీద ఎక్కడా పచ్చ లేదు. తల ఎత్తి చూసి, గుడ్డ చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"ఆమోసూ, అదేటి ఎడంపక్కకెడతన్నావు?"

"ఇటలీ బండి కదక్కా. ఆళ్ల డ్రైవరు ఎడంపక్కే కూకుంటాడు" అన్నాడు ఆమోసు, తల తిప్పకుండానే.

వదిన కారు ముందు నుంచి చుట్టూ నడిచి ఎడమ తలుపు దగ్గరికి వెళ్లింది. కీలు విప్పమంది. ఆమోసు ఈసారి ఆవిడ మొహం కేసి చూసి, స్క్రూ డ్రైవరు పట్టుకుని దిగాడు. మరలు తుప్పు పట్టి ఉన్నాయి, నూనె పోసి తిప్పాల్సి వచ్చింది. కీలు ఊడి చేతిలోకి వచ్చింది.

దాని కింద బొటనవేలంత నీలం, నిన్న వేసినట్టుంది. దాని చుట్టూ గాజంత సన్నగా పచ్చ అంచు.

భీమశంకరం గారు అప్పుడే సైకిలు దిగి లోపలికి వచ్చారు. ఆ ముక్కని చూసి, చిన్నపిల్లాడిలా వంగి మళ్లీ మళ్లీ చూసి, ఇదే, ఇదే అసలు రంగు అన్నారు. ఇది ఇక్కడ ఉంటుందని నీకెలా తెలుసమ్మా అని అడిగారు.

"మా ఆయన పని బాబూ" అంది వదిన.

ఆయన ఆ నీలం ముక్కనీ, కారునీ చూశారు. అర్థం కాలేదు పాపం. "మీ ఆయన పనా? ఏదమ్మా?"

వదిన షెడ్డు వెనక కాలవ కేసి చెయ్యి చూపించింది.

ఆయనకి మెల్లిగా తెలిసింది. కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని, ఆ కాలవ కేసే చూస్తూ నిలబడ్డారు. నాకు దుఃఖం ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. వదిన నన్ను పక్కకి తీసుకొచ్చి కూచోబెట్టింది. చూడండి, ఆవిడ నన్ను కూచోబెట్టడం.

"ఏళ్లయిపోనాది వొదినా, నా వేళ్లకి ఏటీ తెలవక" అంది. "పేపరుకీ బోగీలు కడిగే సోడానీళ్లకీ ఎప్పుడో సచ్చిపోనాయి. ఆయన బోగీలు సగం అవకముందే నా వేళ్లు మొద్దుబారిపోనాయి. తెలుస్తాదని ఉత్తినే సెప్పుకుని తిరిగినాను. కనీసం ఆ మాటయినా ఉండాల కదా మనిసికి."

అప్పుడు నాకు మా చిన్నదాని జ్వరం గుర్తొచ్చింది. ఆవిడ చెయ్యి పెట్టి ఎందుకు చూసేది కాదో అప్పుడు తెలిసింది.

ఆ పచ్చ అంచు ఎప్పటికీ అలాగే ఉంటుందని, దాన్ని ఎవరూ ముట్టుకోరని భీమశంకరం గారు మాట ఇచ్చారు. కీలు మళ్లీ బిగించమని ఆమోసుకి చెప్పారు. ఆమోసు మరలు తుడుచుకుంటుంటే వదిన లేచి వెళ్లి, ఒక్క నిమిషం ఆగమంది.

తడి గుడ్డ బకెట్టులో పడేసింది. వేళ్లు కొంగుకి తుడుచుకుని వెనక్కి పెట్టుకుంది. వంగి, ఆ తలుపు అంచుకి చెంప ఆనించింది.