ఆగని బండికి లెక్క

నిజం చెబితే సగం కేసు గెలిచినట్టేనని పుష్పమ్మ టీచర్ నమ్మకం. మిగతా సగం సైన్సు చూసుకుంటుంది. హైదరాబాదు పాతబస్తీలోని దబీర్‌పురా బడిలో ఏళ్ల తరబడి తొమ్మిదో తరగతికి భౌతికశాస్త్రం చెప్పిన మనిషి మరి. ఆ నమ్మకమే పక్కింటి బీరయ్యను ముంచింది.

బీరయ్య పత్తర్‌గట్టిలో ఒక బట్టల కొట్టుకు తోపుడుబండి మీద మూటలు చేరవేసేవాడు. డెబ్బై నాలుగు ఎండాకాలంలో ఒకరోజు, రెండుసార్లు తిరగాల్సిన రెండు ఖేపుల సరుకు ఒక్క ఖేపులో పట్టుకుపొమ్మన్నాడు సేటు. దిగుడులో బండి జారింది. బీరయ్య కాళ్లు తన్నిపెట్టినా ఆగక, ఒక స్కూటరాయన కాలు విరగ్గొట్టింది. ఆపగలిగీ ఆపలేదని కేసు పెట్టారు.

బీరయ్య వకీలు దగ్గరి గుమాస్తా భిక్షపతి అందరికీ ఇచ్చే మందే ఇచ్చాడు. "ఎనకకు గుంజిపట్టే తాడు తెగిందని చెప్పు భాయ్. అందరు గదే చెప్తరు. జడ్జి సాబ్‌కు గూడ గది ఇనుడే అలవాటు."

"తెగని తాడు ఎందుకు తెంపుతవ్ భిక్షపతీ? లెక్క ఉన్నది," అంది పుష్పమ్మ.

"గీడ బోర్డు లేదు, చాక్‌పీసు లేదు టీచరమ్మా."

ఆమె వింటేనా! కోర్టులో బీరయ్య తరఫు సాక్షిగా నిలబడి ద్రవ్యవేగం పాఠం చెప్పింది. సరుకుతో కలిపి బండి ఆరు వందల కిలోలు, వేగం సెకనుకు రెండు మీటర్లు; హెచ్చిస్తే పన్నెండు వందలు. యాభై కిలోల బీరయ్యకు అంత ద్రవ్యవేగం రావాలంటే సెకనుకు ఇరవై నాలుగు మీటర్లు, మెయిలు రైలులా ఉరకాలి. అలాంటిదాన్ని రెండు కాళ్లతో అప్పటికప్పుడు ఆపడం ఎవరి తరం? వెనక బెంచీల్లో తలలూగాయి. పుష్పమ్మ గెలిచేశాననుకుంది.

ఎదుటి వకీలు లెక్క బాగుందని మెచ్చుకుని, బీరయ్య వైపు తిరిగాడు.

"గంత బరువేస్తే దిగుడుల ఆగదని నీకు ఎరుకేనా?"

బీరయ్య టీచర్ వైపు చూశాడు. నిజమే చెప్పమన్నట్టు ఆమె తలూపింది.

"ఎందుకెరుక లేదు సాబ్? పోరగాన్ని ఉన్నప్పటిసంది బండి గుంజుతున్న."

"ఎరుకుండి గూడ జనం మీదికి బండి ఇడిసినవన్నమాట."

బరువు వేయించిందెవరో చెప్పబోయింది పుష్పమ్మ. ఆమె సాక్ష్యం అయిపోయింది, కూర్చోమన్నారు. బీరయ్యకు మూడు నెలల జైలు పడింది. సేటు మర్నాడే ఇంకో మనిషిని పెట్టుకున్నాడు.

ఆ వారం నల్లా దగ్గర బీరయ్య భార్య చంద్రమ్మ ఎదురైంది. పుష్పమ్మ తన బిందె పక్కకు జరిపి, "ముందుగాల నువ్వు పట్టుకో చెల్లె," అంది.

"నీ లెక్క తప్పని నేననలే టీచరమ్మా," అంది చంద్రమ్మ. "మాకు తాడు తెగితే సాలుతుండె."

అని, ఖాళీ బిందెతో వరస చివరికి పోయి నిలబడింది.